రొట్టె తెచ్చే ముందు



రోగులు కాస్త కునుకు తీసే వేళ మిమ్మల్ని ఇక్కడికి పిలిచాను గనుక ఎక్కువసేపు కూర్చోబెట్టను. ఈ రోజు రొట్టె గురించి మాట్లాడుకుందాము. మన ఇళ్లలో ఎవరికి జ్వరం వచ్చినా ముందు గుర్తుకొచ్చేది బ్రెడ్డు, పాలే కదా! రోగిని చూడవచ్చేవారి చేతిలోనూ అరడజను అరటిపండ్లు, ఒక బ్రెడ్డు ప్యాకెట్టు. గోధుమరంగులో ఉన్నదంతా గోధుమపిండి అనుకోకండి. మైదాకు కారమెల్ రంగు కలిపినవీ ఉంటాయి. ప్యాకెట్టు వెనుక పదార్థాలలో మొదట ఏది రాసి ఉందో చూడండి, అదే అందులో ఎక్కువ.

ఇంట్లోనే చేయవచ్చు. అరకిలో గోధుమపిండి, చెంచాన్నర డ్రై ఈస్టు, చెంచా ఉప్పు, రెండు పెద్ద చెంచాల నూనె, సుమారు 350 మిల్లీలీటర్ల నీళ్లు. నీళ్లు వేలు పెడితే గోరువెచ్చగా ఉండాలి. ఈస్టు ప్రాణమున్నది, మరిగే నీళ్లు పోస్తే చచ్చిపోతుంది. కొద్ది నీళ్లలో చిటికెడు పంచదార, ఈస్టు కలిపి పది నిమిషాలు ఉంచండి. నురగ రాకపోతే ఆ ఈస్టు పారవేయండి, పిండి వృథా చేసుకోవద్దు.

చపాతీ పిండి కంటే మెత్తగా, చేతికి కొంచెం అంటుకునేలా పది నిమిషాలు బాగా పిసకండి. చివరలో రెండు పెద్ద చెంచాల నువ్వులు, గుప్పెడు గుమ్మడి పప్పు, వేయించి పొడిచేసిన అవిసె గింజలు, నానబెట్టి పిండిన ఎండుద్రాక్ష 50 గ్రాములు కలపండి. అవిసెలు పొడి చేయకపోతే చాలావరకు అలాగే బయటికి పోతాయి. తడిగుడ్డ కప్పి, రెట్టింపు అయ్యేవరకు ఉంచండి. మన ఎండాకాలంలో ముప్పావు గంటకే పొంగుతుంది, చలికాలంలో గంటన్నర పట్టినా కంగారు వద్దు. మళ్లీ ఒకసారి పిసికి, నూనె రాసిన గిన్నెలో సగానికి పెట్టి, అరగంట పొంగనిచ్చి కాల్చండి. ఓవెన్ ఉంటే 200 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు. లేకపోతే మందపాటి పాత దబరలో ఇసుక పోసి, స్టాండు పెట్టి, మూతవేసి పది నిమిషాలు వేడిచేసి, తర్వాత సన్నని సెగ మీద సుమారు 50 నిమిషాలు. అడుగున తడితే డొల్ల శబ్దం రావాలి. మొదటిసారి ఇటుకలా వస్తే దిగులుపడకండి, నాకూ అలాగే వచ్చింది.

సమూయేలు మొదటి గ్రంథము 30వ అధ్యాయములో ఒక ఐగుప్తీయుడున్నాడు. జబ్బుపడ్డాడని యజమాని వదిలి వెళ్లిపోగా, మూడు రోజులు తిండీ నీళ్లూ లేక పొలములో పడి ఉన్నాడు. దావీదు మనుషులు అతనికి రొట్టె, నీళ్లు, అంజూరపు అడ ముక్క, ఎండిన ద్రాక్ష గెలలు రెండు ఇస్తే ప్రాణము తెప్పరిల్లింది. ఆకలితో సొమ్మసిల్లినవానికి అది మంచి ఆహారమే. మీ రోగి పరిస్థితి మాత్రం వేరు కావచ్చు.

ఎండుద్రాక్ష బరువులో సగానికి పైగా చక్కెరే. షుగరు ఉన్నవారికి ఈ రొట్టెలో ఎండుపండ్లు వేయకండి. వేయకపోయినా గోధుమపిండి రక్తంలో చక్కెరను పెంచుతుంది, కాబట్టి అన్నం, చపాతీ తగ్గించి వాటి బదులు ఇవ్వాలి గాని అదనంగా కాదు. కిడ్నీ జబ్బు ఉన్నవారి విషయం ఇంకా జాగ్రత్త. వంద గ్రాముల ఎండుద్రాక్షలో సుమారు 750 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. పాడైన కిడ్నీలు దానిని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పి ప్రాణం మీదికి రావచ్చు. బలానికని దిండు కింద దాచి ఖర్జూరం పెట్టేవారిని చూశాను. వారిది ప్రేమే, కాదనను. కాని డాక్టరుగారికి తెలియకుండా పెట్టవద్దు.

పక్షవాతం వచ్చినవారికి మింగడం కష్టమవుతుంది. గింజల రొట్టె వారికి అసలు వద్దు. తిన్నప్పుడు దగ్గు వచ్చినా, గొంతు గరగరలాడినా వెంటనే ఆపి సిస్టరును పిలవండి. పేగుల ఆపరేషన్ అయినవారికి కూడా డాక్టరుగారు చెప్పేదాకా గింజలు పెట్టకూడదు.

వేడి రొట్టెను ప్లాస్టిక్ సంచిలో కట్టి తేకండి. చెమటపట్టి త్వరగా బూజు పడుతుంది. పూర్తిగా చల్లారాక కోసి, శుభ్రమైన గుడ్డలో చుట్టి తీసుకురండి, రెండు రోజుల్లో తినివేయండి. ఎక్కడైనా బూజు కనిపిస్తే ఆ మేరకు గిల్లి మిగిలినది పెట్టకండి. దాని పోగులు కంటికి కనిపించకుండా లోపలికి పాకి ఉంటాయి, మొత్తం పారవేయండి.