నత్తి యున్నను మాట మానవద్దు

 

గ్రామసభలో చెప్పవలసిన మాట యుండియు, నత్తి కారణముగ మౌనము వహించువారు మనలో కలరు. తమ వార్డునకు మంచినీటి కుళాయి కావలెనని వారెరుగుదురు. నోరు విప్పిన నలుగురు నవ్వుదురేమోయని వెరతురు. ఆ మౌనమువలన నష్టపడునది వార్డు ప్రజలే. మీతో మాటలాడుచున్న నాకును బాల్యమునుండి నత్తి కలదు. ప్రచారోద్యోగికి మాటయే పనిముట్టు గదా! కావున అనుభవముతో మనవి చేయుచున్నాను.

నత్తి నాలుక దోషము కాదు, తెలివితక్కువతనము కాదు. సాధారణముగ 2 నుండి 5 ఏండ్ల ప్రాయమున మొదలగును. పెక్కుమంది పిల్లలకు దానంతటదియే పోవును. పెద్దలలో నూటికి సుమారు ఒకరికి నిలిచియుండును. వసకొమ్ము నాకించుటవలనను, బెదిరించుటవలనను అది పోదు. నోట గులకరాళ్లు పెట్టుట ప్రాణాపాయము.

బ్రిటిషు రాజు ఆరవ జార్జి నత్తితో బాధపడెను. రాజు కాకపూర్వమే, 1926లో, లయొనెల్ లోగ్ అను శిక్షకునివద్ద అభ్యాసమారంభించెను. 1939 సెప్టెంబరు 3న యుద్ధవార్తపై రేడియోలో తానే ప్రజలతో మాటలాడెను. నత్తి పూర్తిగ పోలేదు, మాట ఆగలేదు.

నా అభ్యాసక్రమమిది. దినమునకు పావుగంట ఏకాంతమున వార్తాపత్రికను పైకి చదువుదును. తొలి అక్షరమును బలముగ నెట్టను. ‘పంచాయతి’ అనునపుడు పెదవులు బిగించిన మాట చిక్కుకొనును. తేలికగ తాకించి మెల్లగ సాగదీసిన జారివచ్చును. రెండు మూడు మాటలకొకమారు ఆగుదును. ఏకాంతమున కుదిరినది సభలో వెంటనే కుదరదు. కావున పిదప ఇంటివారితోను, మిత్రులతోను సాధన చేయవలెను. కష్టమైన మాటను తప్పించి వేరొకటి వెదకరాదు. తప్పించినకొలది భయము పెరుగును. “నాకు నత్తి కలదు, కొంచెము ఓపిక పట్టుడు” అని ముందే చెప్పుదును. దానితో నా భయము సగము తీరును.

తక్కిన సభ్యులకు ఒక విన్నపము. నత్తిగలవారి మాటను మధ్యలో అందుకొని పూర్తి చేయవద్దు. వారి పేరునకు నత్తిని తగిలించి పిలువవద్దు. పిల్లలలో నత్తి కొన్ని మాసములు విడువనిచో జిల్లా ప్రభుత్వాసుపత్రిలో వాక్చికిత్సను గూర్చి విచారింపుడు. మైసూరున 1965లో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఇట్టి సేవలకే ఏర్పడినది.

సభ ఒక నిమిషము ఆలస్యమైన నేమి? ఒక వార్డు గోడు వినబడును.