మన గోడలు, మన పోస్టర్లు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి. ఈసారి తెలుగులో మాట్లాడమని కార్యదర్శిగారి ఆజ్ఞ. మధ్యలో దక్కనీ దొర్లితే మన్నించండి. చదువు గురించి చెబుతాననుకుని ఉంటారు. నేను గోడల గురించి చెప్పబోతున్నాను.

మా బడి ప్రహరీ గోడకు నిరుడు ఎండాకాలం సెలవుల్లో సున్నం వేయించాం. పిల్లల తల్లిదండ్రులు తలా కొంచెం వేసుకున్న డబ్బు అది. ఒక ఖుష్‌నవీస్ సాహెబ్ చేత అలిఫ్ నుంచి యే దాకా అక్షరాలన్నీ పెద్దవిగా రాయించాం. బడి తెరిచి వారం తిరక్కుండానే జీమ్ మీద పర్సనల్ లోను, సీన్ మీద మొలల వైద్యం, మీమ్ మీద వశీకరణం చేస్తానన్న ఒక బాబా వెలిశారు. ఒకటో తరగతి పిల్ల ఒకతె, అప్పుడప్పుడే కూడబలుక్కుని చదవడం నేర్చింది. గోడ దగ్గర నిలబడి అక్షరం అక్షరం కలుపుకుని "మర్దానా కమ్‌జోరీ" అని గట్టిగా చదివింది. చదివి, "సార్, అంటే ఏమిటి?" అని అడిగింది. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పిన నాకు ఆ రోజు జవాబు దొరకలేదు.

సరే, అంటించేవాణ్ణి పట్టుకుందామని ఫజర్ నమాజు అయ్యాక రెండు మూడు రోజులు కాపు కాశాను. దొరికాడు. చేతిలో బకెట్టు, చంకలో పోస్టర్ల కట్ట. చూస్తే మా బడిలో చదివినవాడే! "సలాం సార్" అన్నాడు. "మన బడి గోడరా ఇది" అంటే, "చీకట్లో చూసుకోలేదు సార్, ఎదురింటి గోడకు వేస్తాను" అన్నాడు. ఆ ఎదురిల్లు ఒక ముసలామెది. సున్నం వేయించుకునే శక్తి ఆమెకు ఎక్కడిది? వాణ్ణి తిట్టి ఏం లాభం, రాత్రికి ఇన్ని అంటిస్తే ఇంత అని కూలి తీసుకునేవాడు.

అంటించేది మైదా ఉడికించిన లేయితో. పురుగు పట్టకుండా కొందరు అందులో మైలుతుత్తం కూడా కలుపుతారట. ఒకసారి ఆరిందా, సున్నం పెచ్చుతో సహా ఊడాల్సిందే. నీళ్ళు చల్లి, బాగా నానబెట్టి, రేకుతో మెల్లగా గీకాలి. మా ఏడో తరగతి పిల్లలు ఒక శుక్రవారమంతా అదే పని చేశారు. మర్నాటికి కొత్తవి పడ్డాయి.

చట్టం లేదా అంటే ఉంది. గోడలను పాడుచేయడాన్ని, అసభ్య పోస్టర్లను నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం చేశారు. 2024లో హైదరాబాదు మహానగర పాలక సంస్థ గోడ పోస్టర్లు వద్దని మళ్ళీ ఉత్తర్వులిచ్చింది. చేతకాక ఊరుకుంటున్నారా అంటే అదీ కాదు. ఎన్నికల తేదీలు ప్రకటించగానే ఏమవుతుందో గమనించండి. ప్రభుత్వ కార్యాలయాల గోడల మీద పార్టీల రాతలు, పోస్టర్లు 24 గంటల్లో పోవాలి. బస్టాండ్లు, కరెంటు స్తంభాల వంటి చోట్ల 48 గంటలు, ప్రైవేటు గోడల మీద చట్టవిరుద్ధంగా వేసినవాటికి 72 గంటలు. ఇది ఎన్నికల సంఘం పెట్టిన గడువు. మూడు రోజుల్లో ఊరు కడగగలిగినవాళ్ళు తక్కిన రోజుల్లో ఎందుకు కడగరో నాకు అర్థం కాదు.

ఎన్నికల పోస్టరు మీద ముద్రించినవారి పేరు, చిరునామా ఉండి తీరాలని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127ఎ సెక్షను చెబుతుంది. వ్యాపారస్తుడికి ఎవరూ చెప్పనక్కరలేదు, తన ఫోన్ నంబరు తానే పెద్ద అక్షరాల్లో వేసుకుంటాడు. గోడకు చిరునామా అంటించి పోయే దొంగ ఇతనొక్కడే! జరిమానా వేయాలంటే ఆ నంబరుకే వేయాలి, బకెట్టు మోసే కుర్రాడికి కాదు. నేనూ ఆ దారే పట్టాను. పోస్టర్ల మీది నంబర్లు రాసుకుని, రోజూ సాయంత్రం ఒక్కొక్కరికి ఫోన్ చేశాను. బాబాగారు నా పేరు, మా అమ్మ పేరు అడిగారు! లోను వాళ్ళు నాకే లోను ఇస్తామన్నారు. ఇద్దరు ముగ్గురు మాత్రం మర్యాదగా మనిషిని పంపి తీయించారు.

ఒక కోచింగ్ సెంటరు ఆయన అన్న మాట చెప్పడానికే ఇవాళ లేచాను. "మాస్టారూ, మా పోస్టరు పక్కనే మీ సొసైటీ జల్సా పోస్టరు ఉంది కదా, ముందు దాన్ని తీసెయ్యండి, మాదీ తీస్తాం" అన్నాడు.

వెళ్ళి చూశాను. ఉంది. మన పేర్లన్నీ ఉన్నాయి, ఈ పేదవాడిది కూడా, చివరి వరసలో. పైన 786. వానకు ఒక మూల ఊడి, కింద మోరీలోకి వేలాడుతోంది. ఏ కాగితాన్ని దారిలో చూస్తే వంగి తీసి కళ్ళకద్దుకుంటామో, ఆ కాగితాన్ని మనమే అక్కడ వేశాం. పైగా ఎవరి గోడ అది? మనం అడిగామా? ఆ ముసలామెదే.

అధ్యక్షులవారు కోప్పడకపోతే ఒక మనవి. వచ్చే నెల జల్సాకు పోస్టర్లు ఛత్తా బజారులో అచ్చవుతున్నాయని విన్నాను. మసీదు గుమ్మం పక్కన ఒక బోర్డు, మా బడి లోపల ఒక బోర్డు, ఒప్పుకున్న దుకాణదారుల దగ్గర ఒక్కొక్కటి, ఇంతే వేద్దాం. జల్సా అయిన మర్నాడు తీసేసే పూచీ నాది, నా పిల్లలది. ముసలామె గోడకు సున్నం ఖర్చు సొసైటీ భరించాలి. భోజనాలకు లేచేముందు ఈ రెండూ తీర్మానంగా రాయించమని కోరుతున్నాను. అప్పుడే ఆ కోచింగ్ సెంటరు ఆయనకు నేను మళ్ళీ ఫోన్ చేయగలను.