కొత్త నాణెం ఎక్కడ కొనాలి? టంకశాలలోనా, దుకాణంలోనా?

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు మంజూరు చేశారు. నా తరువాత కంటి డాక్టరుగారి ఉపన్యాసం, ఆ పైన భోజనాలు ఉన్నాయి. కనుక పొగడ్తలు పక్కన పెట్టి నేరుగా విషయానికి వస్తాను.

నేను ముప్పయ్యారేళ్ళు ట్రెజరీ శాఖలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. నాణేలమీద ఇష్టం అక్కడ అంటుకున్నదే. ఆ సంగతి తెలిసిన మన సభ్యులు అప్పుడప్పుడు ఫోను చేసి, "ఫలానా దుకాణంలో ప్రభుత్వం వారి వెండి నాణెం ఇస్తామంటున్నారు, కొనమంటారా? రేపు మనవడికి పనికొస్తుందా?" అని అడుగుతుంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే అందరికీ ఒకేసారి చెప్పడం మేలని ఈ అవకాశం తీసుకున్నాను.

ముందు మన ఊరి టంకశాల గురించి రెండు మాటలు. హైదరాబాదులో 1803లో, మూడో నిజాం సికందర్ జా కాలంలో మొదలైంది. 1903లో సైఫాబాదుకు మారింది. ఇవాళ్టికీ మనం మింట్ కాంపౌండ్ అంటున్నది ఆ చోటునే. 1950లో భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1997లో చర్లపల్లికి తరలించారు. సైఫాబాదు పాత భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. చూడనివారు మనవలను తీసుకుని వెళ్ళి చూడండి. దేశంలో ఇలాంటి టంకశాలలు నాలుగు: ముంబయి, కోల్‌కతా, హైదరాబాదు, నోయిడా. 2006 నుంచి ఈ నాలుగూ ఒక ప్రభుత్వ కార్పొరేషను కింద ఉన్నాయి. మీ జేబులో రూపాయి బిళ్ళ తీసి సంవత్సరం అంకె కింద చూడండి. చుక్క గుర్తు, అంటే నక్షత్రం, ఉంటే మనది. వజ్రం ఆకారముంటే ముంబయి. చిన్న బిందువుంటే నోయిడా. ఏమీ లేకపోతే కోల్‌కతా.

చెలామణీ నాణేలే కాక, మహనీయుల శతజయంతులకూ సంస్థల ఉత్సవాలకూ స్మారక నాణేలు కొడతారు. స్వతంత్ర భారతంలో మొదటిది 1964లో నెహ్రూగారి పేర వచ్చింది. సేకరించేవారి కోసం వీటిని రెండు రకాలుగా తయారు చేస్తారు. ఒకటి ప్రూఫ్. నునుపుగా మెరుగు పెట్టిన బిళ్ళను, మెరుగు పెట్టిన అచ్చుతో ఒకటికి రెండుసార్లు కొడతారు. నేల అద్దంలా, బొమ్మ మంచు పట్టినట్టు ఉంటుంది. రెండోది అన్‌సర్క్యులేటెడ్, అంటే ఎవరి చేతులూ మారనిది. ప్రూఫ్ ధర ఎక్కువ. నూరు రూపాయలని అచ్చు ఉన్నా వీటిని బజారులో చెలామణికని విడుదల చేయరు. టంకశాల తాను నిర్ణయించిన ధరకు అమ్ముతుంది.

అందరికీ తెలిసిన ఉదాహరణ తీసుకుందాం. నందమూరి తారక రామారావుగారి శతజయంతి నాణేన్ని 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపది ముర్ముగారు విడుదల చేశారు. మన హైదరాబాదు టంకశాలలోనే కొట్టారు. సైఫాబాదులో, చర్లపల్లిలో కౌంటర్ల దగ్గర జనం బారులు తీరారు. పాత సినిమా మొదటి ఆటకు నిలబడ్డట్టే నిలబడ్డారు లెండి. ముఖవిలువ 100 రూపాయలు. అమ్మకం ధర ప్యాకింగును బట్టి 4,050 నుంచి 4,850 రూపాయల వరకు.

ఇక్కడ గుమాస్తా బుద్ధి కొద్దీ లెక్క వేశాను. నాణెం బరువు 35 గ్రాములు. అందులో వెండి సగం. తక్కినది 40 శాతం రాగి, 5 శాతం నికెల్, 5 శాతం జింకు. అంటే వెండి పదిహేడున్నర గ్రాములు. ఆ రోజుల్లో కిలో 75 వేలు అనుకుంటే 1,300 రూపాయల పైచిలుకు. 2025లో వెండి కిలో లక్షన్నర దాటింది. ఆ లక్షన్నర లెక్కన కట్టినా 2,625 రూపాయలు. మిగిలిన సొమ్ము దేనికి ఇచ్చాం? పనితనానికి, పెట్టెకు, రామారావుగారి మీద అభిమానానికి. అభిమానానికి ఇవ్వడంలో తప్పులేదు. నేనూ ఇచ్చాను. కానీ అది ఫిక్స్‌డ్ డిపాజిట్ అనుకుని ఇవ్వకూడదు. ఇదే నాణెం తరువాత ఒక దుకాణంలో ఏడున్నర వేలు చెప్పారు. అదే వెండి, అదే పెట్టె.

టంకశాలలో కొంటే సుఖమేనా అంటే, అదీ పూర్తిగా కాదు. ఇదివరకు డిమాండ్ డ్రాఫ్టు తీసి, దరఖాస్తు నింపి, రిజిస్టర్డు పోస్టులో పంపి, నెలలకు నెలలు ఎదురు చూసేవాళ్ళం. మన డి.ఏ. బకాయిలకు ఎదురు చూసినట్టే. ఇప్పుడు కార్పొరేషను వారి వెబ్‌సైటులో డబ్బు కట్టవచ్చు. పిల్లలెవరైనా పక్కన కూర్చుంటే పావుగంట పని. కొన్ని నాణేలకు ఫలానా తేదీ లోపల బుకింగ్ అంటారు. ఆ గడువు దాటితే లేదు. డబ్బు కట్టాక పార్సెల్ రావడం ఆలస్యమవుతుంది. నాణెం మీద చిన్న మచ్చ ఉంటే ఉత్తర ప్రత్యుత్తరాలు నడపాలి. ఇంత ఓపిక లేక చాలామంది దుకాణానికి పోతారు. వారిని నేను తప్పుపట్టను. అయితే ఒక మాట. టంకశాల ఇంకా అమ్ముతున్న నాణేన్నే "చివరి పీసు సార్, దొరకదు" అని ఒకటిన్నర రెట్లకు అమ్మేవారున్నారు. కొనేముందు ఒకసారి టంకశాల కౌంటరుకు వెళ్ళో, వెబ్‌సైటులోనో చూసుకోండి. వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కి మాత్రం వెళ్ళకండి.

దుకాణదారులందరూ మోసగాళ్ళని నేననను. అద్దె, జీతాలు, ఏళ్ళ తరబడి సరుకులో ఇరుక్కున్న పెట్టుబడి వారికి ఉంటాయి. అంతకన్నా ముఖ్యం, పాత నాణేలు టంకశాలలో దొరకవు. చార్మినారు బొమ్మ ఉన్న నిజాం రూపాయి కావాలంటే దుకాణమే గతి. అక్కడ మంచి వర్తకుడు గురువుతో సమానం. బ్రిటిషు రూపాయి సరిగ్గా తులం బరువు, 11.66 గ్రాములు. 1939 వరకు నూటికి 91.7 పాళ్ళు వెండి. 1940 నుంచి సగమే. 1947 సంవత్సరపు రూపాయిలో వెండే లేదు, అది నికెల్. నేనీ సంగతి నేర్చుకున్నది ఒక దుకాణం బల్ల దగ్గరే. ఆ పెద్దాయన నా చేత ఏమీ కొనిపించకుండానే గంటసేపు చెప్పాడు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్నది. నాతో పాటు పనిచేసిన ఒక మిత్రుడు, పేరు చెప్పను, రిటైరయ్యాక వచ్చిన గ్రాట్యుటీలోంచి నెలనెలా కొంత తీసి స్మారక నాణేలు కొంటూ వచ్చాడు. మొదట్లో టంకశాల నుంచే తెప్పించేవాడు. తరువాత మోకాళ్ళ నొప్పులతో తిరగలేక, ఇంటికే తెచ్చి ఇచ్చే ఒక వర్తకుని దగ్గర కొన్నాడు. "అమ్మాయి పెళ్ళి నాటికి రెండింతలవుతుంది" అని ఆ వర్తకుడు చెప్పిన మాట నమ్మాడు. బిల్లు అడగలేదు. మిత్రుడు కాలం చేశాక చెల్లెమ్మగారు ఒక ట్రంకు పెట్టె ముందు పెట్టుకుని నాకు ఫోను చేసింది. "అన్నయ్యగారూ, ఇందులో మూడు లక్షలున్నాయని ఆయన అనేవారు. ఎవరికి అమ్మాలి?" అంది.

అదే వర్తకుణ్ణి పిలిస్తే, వెండి బరువుకు లెక్కకట్టి లక్షా పదివేలు అన్నాడు. తాను అమ్మినవే! మేము వెంటనే ఒప్పుకోలేదు. నాణేలన్నీ బయటపెట్టి, కాగితం మీద గీతలు గీసి, రిజిస్టరు రాశాం. ఏ నాణెం, ఏ సంవత్సరం, ఏ టంకశాల, ప్రూఫా కాదా, పెట్టె ఉందా, బిల్లు ఉందా. రెండు రోజులు పట్టింది. తరువాత ఇంకో ఇద్దరి దగ్గరకు వెళ్ళాం. టంకశాల నుంచి వచ్చినవి, అసలు ఫోల్డరు, సర్టిఫికెట్, బిల్లు ఉన్నవి, కొన్న ధరకు అటూ ఇటూగా పోయాయి. రెండు మూడు కాస్త లాభానికి కూడా పోయాయి. విడిగా ప్లాస్టిక్ కవర్లలో వచ్చినవి కొన్న ధరలో సగానికి మించలేదు. నాలుగు ప్రూఫ్ నాణేలను పాపం ఆయన చింతపండుతో తోమి, విభూతితో రుద్ది పెట్టాడు, నల్లబడ్డాయని. అద్దంలాంటి నేలంతా గీతలు. వాటికి వెండి ధరే వచ్చింది. మొత్తం ఒక లక్షా డెబ్బై రెండువేలు చేతికొచ్చాయి. ఆయన అన్న మూడు లక్షలు కాదు. కాని మొదట చెప్పిన లక్షా పదివేలూ కాదు.

అందువల్ల నా మనవి. కొత్త నాణెం టంకశాల నుంచే, టంకశాల ధరకే కొనండి. పెన్షనులో ఆ నెల మందులు, పాలు, కరెంటు బిల్లు పోగా మిగిలిన దానితో కొనండి. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము ముట్టుకోకండి. బిల్లు నాణెంతోనే ఉంచండి. తోమకండి, పూజలో పెట్టి పసుపు కుంకుమ అద్దకండి. ఒక నోటుబుక్కులో వివరాలు రాసి, అది ఎక్కడుందో ఇంట్లోవాళ్ళకు చెప్పండి. మనం పోయాక ఆ పెట్టె తెరిచేది వాళ్ళే కదా.

పేపర్లలో, ఫోన్లలో వచ్చే ఇంకో తమాషా ఉంది. 2012లో వచ్చిన వైష్ణోదేవి అమ్మవారి 5, 10 రూపాయల నాణేలు మీ దగ్గరుంటే లక్షలిస్తామంటారు. అవి చెలామణికి వచ్చిన మామూలు నాణేలు. లక్షలు ఇస్తామన్నవాడు ముందు ఫీజు, కమిషను, పన్ను అని మన దగ్గరే లాగుతాడు. రిజర్వు బ్యాంకు పేరు కూడా వాడుకుంటాడు. పాత నోట్లు, నాణేల కొనుగోలుతో తమకు సంబంధం లేదని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని, రిజర్వు బ్యాంకు వారే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చారు. ఫోను వస్తే పెట్టేయండి. మర్యాద పాటించనక్కరలేదు.

డాక్టరుగారు వచ్చినట్టున్నారు. అటు కిటికీ పక్క బల్ల మీద నా దగ్గరున్నవి పదకొండు నాణేలు పెట్టాను. రామారావుగారిది, ఒక నిజాం రూపాయి, ఒక 1947 రూపాయి ఉన్నాయి. భోజనానికి ముందే, చేతులు పొడిగా ఉండగా వచ్చి చూడండి. అంచులు పట్టుకుని మాత్రమే ఎత్తండి.