పల్నాటి దారికి ఏ టైరు?



2016లో ఇసుజు కంపెనీ మన శ్రీసిటీలో ఫ్యాక్టరీ తెరిచి డీ-మ్యాక్స్ వీ-క్రాస్ తెచ్చింది. 2022లో టయోటా హైలక్స్ వచ్చింది. ఫోర్‌వీల్ డ్రైవ్ పికప్ సొంతానికి కొనుక్కోవచ్చని జనానికి అప్పటి నుంచే గట్టిగా అనిపించింది. సంతోషం. కానీ బండి ఇంటికి రాగానే ముందు పెద్ద ఇనుప గార్డు, కింద వెడల్పాటి టైర్లు. ఈ రెండూ ఆపండి అని చెప్పడానికే వచ్చాను.

గార్డు సంగతి ముందు తేల్చేద్దాం. వాటిని బండ్లకు ఉంచవద్దని 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. జరిమానా అలా ఉంచండి. గుద్దుకున్నప్పుడు తాను నలిగి దెబ్బను మింగేలా బండి ముందు భాగాన్ని తయారుచేస్తారు. గార్డు బిగిస్తే ఆ దెబ్బ నేరుగా ఛాసిస్‌కు పోతుంది, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవలసిన క్షణం తప్పవచ్చు. రోడ్డు దాటే ముసలాయన కాలికి తగిలేదీ ఆ ఇనుమే.

ఇక టైర్లు. మన దారుల్లో టైరుకు మూడు గండాలు: రాయి, రేగడి, ఎండ.

క్వారీ దారుల్లో పడి ఉండే సున్నపురాయి ఏటిలో దొర్లిన రాయి కాదు, పగలగొట్టిన రాయి. అంచు పదును మీద ఉంటుంది. నాపరాయి ముక్కలు ఇంకా పదును. అది టైరు అడుగున గుచ్చుకుంటే ప్యాచ్ వేయించుకుని పోవచ్చు. సైడ్‌వాల్ కోసుకుపోతే మాత్రం ఆ టైరును నమ్మి రోడ్డెక్కకూడదు. అందుకే టైరు కొనేటప్పుడు నేను అడుగు డిజైను కన్నా ముందు పక్కగోడ చూస్తాను. ఎంత మందం, అడుగు గడులు పక్కకు ఎంత దూరం దిగాయి, లోడ్ ఇండెక్స్ ఎంత. 112 అని ఉంటే ఆ ఒక్క టైరు 1,120 కిలోలు మోస్తుంది, 108 అయితే 1,000 కిలోలే. కంపెనీ ఇచ్చిన అంకె కన్నా తక్కువది ఎంత చవకగా వచ్చినా వద్దు. మిర్చి టిక్కీలు ఎత్తే బండికి అసలే వద్దు.

రేగడి ఇంకో రకం. వాన వెలిశాక చేని డొంకలోకి దిగితే నాలుగు చుట్లు తిరగకముందే టైరు గాడులన్నీ మట్టితో పూడి నున్నగా అయిపోతాయి. ఆ మట్టిని విసిరికొట్టేది గాడులు బాగా ఎడంగా ఉండే మడ్ టెరైన్ టైరు. అయితే అదే టైరు అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డెక్కితే హోరెత్తుతుంది, త్వరగా అరుగుతుంది, తడి తారు మీద బ్రేకు వేస్తే ఆలస్యంగా ఆగుతుంది. వారంలో ఎక్కువ రోజులు తారు మీద, మిగతా రోజులు క్వారీకో చేనికో తిరిగేవారికి ఆల్ టెరైన్ టైరు చాలు. గుంటూరు, నరసరావుపేట తప్ప వేరే దారి ఎరగని బండికి కంపెనీ టైర్లే మేలు. అవి అరిగేదాకా తిరగండి. మీ దారి ఏమిటో ఈలోపు మీకే తెలుస్తుంది.

సైజు మార్చకండి. 255/60 ఆర్18 టైరు ఎత్తు సుమారు 763 మిల్లీమీటర్లు, 265/60 ఆర్18 ఎత్తు 775. పన్నెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. స్టెప్నీ పాత సైజుదే ఉండిపోయిందనుకోండి. రాళ్ల దారిలో టైరు పోయింది, స్టెప్నీ వేశారు, నాలుగు చక్రాలనూ తిప్పే ఫోర్ హైలో పెట్టి గట్టి నేల మీద నడిపారు. ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకే లెక్కన తిరగలేక గేర్ల మధ్య బిగుసుకుంటాయి. విరిగేది ఖరీదైన భాగం. కాబట్టి కొంటే ఐదూ ఒకటే. పొడి తారు మీద వెనక చక్రాలనే తిప్పే టూ హైలోనే నడపండి, అన్నీ ఒకటే సైజైనా సరే.

ఎండ సంగతి మీకు చెప్పాలా? ఎండకు పేరుపడ్డ రెంటచింతల మన పక్కనే ఉంది. ఎండాకాలం టైరు పేలుతుందని గాలి తగ్గించి కొట్టించుకుంటారు మనవాళ్లు. ఇది తలకిందుల పని. గాలి తక్కువైతే బరువుకు పక్కగోడ చుట్టుచుట్టుకూ వంగి లేస్తుంది, ఆ వంగడంలోనే వేడి పుడుతుంది, ఆ వేడికే పొరలు విడిపోతాయి. డ్రైవరు తలుపు పక్కన అంటించిన కాగితం మీద ఖాళీ బండికి ఎంత, నిండు బండికి ఎంత అని రాసి ఉంటుంది. పొద్దున్నే, బండి కదలకముందు, ఆ లెక్కే కొట్టించండి.

అందుకే నా దృష్టిలో మొదటి యాక్సెసరీ గాలి కొలిచే గేజ్. రెండోది బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్. బురదలో, ఇసుకలో గాలి కాస్త తగ్గించి బయటపడ్డాక మళ్లీ నింపుకోవాలంటే అది ఉండి తీరాలి. మూడోది అడుగు పొడవు చెక్క ముక్క. తడి రేగడిలో జాకీ పెట్టి చూడండి, బండి లేవదు, జాకీయే దిగబడుతుంది. కింద చెక్క వేస్తే నిలుస్తుంది. ఒక పార, బండి బరువుకు సరిపడే లాగుడు పట్టా కూడా ఉంచండి. పట్టాను ఛాసిస్ హుక్కుకే తగిలించాలి, టో బాల్‌కు కాదు. ఆ బాల్ ఊడితే గుండులా వచ్చి మనిషిని చంపుతుంది. లాగేటప్పుడు పిల్లల్ని దూరం పంపండి.

తొట్టికి లైనర్, పైన మంచి టార్పాలిన్ వేయించుకోండి. బట్టీలో కాల్చిన సున్నానికి నీళ్లు తగిలితే ఎంతగా వేడెక్కుతుందో సున్నపు బట్టీల పిడుగురాళ్ల వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. అడుగున తడి ఉన్న తొట్టిలో బస్తా చిరిగితే ఆ వేడికి, ఆ ఘాటుకు పెయింటు లేచిపోతుంది, తుప్పు మొదలవుతుంది. అల్లాయ్ చక్రాల అల్యూమినియాన్ని కూడా సున్నపు నీళ్లు తింటాయి. బట్టీ దగ్గర్నుంచి వచ్చిన రోజు ముందు పొడి ధూళి దులిపి, ఆ తర్వాతే నీళ్లు ఎక్కువగా పోసి కడగండి. ఎయిర్ ఫిల్టరు విప్పి చూసుకోండి. మన ధూళికి సర్వీసు పుస్తకంలో రాసిన గడువు సరిపోదు.

కొత్త టైర్లు వేయించినవాళ్లు తయారీ తేదీ చూసుకోండి. సైడ్‌వాల్ మీద డాట్ అని ఉన్న వరుసలో చివరి నాలుగు అంకెలు 2324 అయితే 2024లో 23వ వారం. వంద కిలోమీటర్లు తిరగ్గానే నట్లు మళ్లీ బిగించుకోవాలి. మీ బండ్లు ఇందాకటి నుంచి నీడన చల్లబడి ఉన్నాయి, గేజ్ నా దగ్గర ఉంది. బయటికి రండి, ఒక్కొక్కటి కొలిచి చూద్దాం.