టపాకాయల అమ్మకం: మన వైఖరి ఏమిటి?

(దీపావళి బోనస్ విషయమై సోలాపూర్‌లో జరిగిన కార్మికుల సభలో యూనియన్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



బోనస్ గురించి మాట్లాడటానికి పిలిచిన సభలో టపాకాయల ప్రస్తావన ఎందుకని కొందరు అడిగారు. ఈ రెండింటికీ దగ్గరి సంబంధమే ఉంది. చట్టప్రకారం కనీస బోనస్ 8.33 శాతం. అంటే లెక్కకు తీసుకునే సంవత్సర జీతంలో పన్నెండో వంతు. ఏడాది పొడుగునా మగ్గం ముందు నిలబడితే, పోరాడితే వచ్చే డబ్బు అది. పండగ ముందు చేతికి వస్తుంది. వచ్చిన వారంలోనే అందులో కొంత పొగై పోతుంది. పోయేది డబ్బు ఒక్కటే అయితే ఈ చర్చ అవసరం లేదు. ఎవరి డబ్బు వారి ఇష్టం. కానీ ఒక ఇంట్లో వెలిగించిన నిప్పు ఆ ఇంట్లోనే ఆగదు.

అందుకే ఈ ప్రశ్న. డబ్బు ఇచ్చిన ప్రతివారికీ, పిల్లవాడికైనా తాగినవాడికైనా, మందుగుండు అమ్మవచ్చునా? మా జవాబు ముందే చెబుతున్నాం. పెద్ద బాంబులు, తారాజువ్వలు సామాన్య ప్రజలకు అమ్మడం ఆపాలి. అయితే వాటిని తయారుచేసే కార్మికుల పొట్టకొట్టి ఆపకూడదు. ఈ రెండు మాటలూ కలిపే చెప్పాలి. ఒకటి వదిలేసి రెండోది చెబితే అది కార్మికుల మాట కాదు.

మొదట మన గల్లీల సంగతి చూద్దాం. మన కారఖానాల్లో ఏముంటుంది? నూలు, చద్దర్లు, టవళ్లు. మగ్గాల కింద, దూలాల మీద, కరెంటు తీగల మీద దూది నుసి. ఈ నుసికి నిప్పురవ్వ తగిలితే మంట నడవదు, పరుగెడుతుంది. ఎన్నో చోట్ల కింద మగ్గాలు, పైన కాపురాలు. తారాజువ్వకు కళ్లు లేవు. సీసాలో పెట్టి వెలిగించినవాడికి అది ఎటు పోతుందో తెలియదు. తెరిచి ఉన్న కిటికీలోంచి నూలు గోదాములో పడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

2025 మే 18న మన అక్కల్‌కోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.లో ఒక టవల్ కారఖానాకు నిప్పంటుకుని 8 మంది చనిపోయారు. అందులో యజమాని కుటుంబం వారు ఉన్నారు, కార్మికులు ఉన్నారు, పసివాడు కూడా ఉన్నాడు. అది టపాకాయల వల్ల జరిగింది కాదు. కానీ టవళ్ల మధ్య నిప్పు పుడితే మనిషికి ఎంత వ్యవధి దొరుకుతుందో అది మనకు చూపించింది. నిప్పుకు కారణం ఏదైనా కాలేది అదే సరుకు, ఇరుక్కునేది మనమే.

అమ్మే చోట మాత్రం క్షేమమా? 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనల ప్రకారం పండగ దుకాణాలను నిప్పంటుకోని సామానుతో కట్టాలి. దుకాణానికీ దుకాణానికీ 3 మీటర్ల ఎడం ఉండాలి. ఇళ్లు వంటి కట్టడాలకు 50 మీటర్ల దూరం పాటించాలి. దుకాణాలు ఎదురెదురుగా ఉండకూడదు. మన బజారులో ఈ కొలత పట్టి చూడండి. కిరాణా కొట్టు ముందు బల్ల వేసి, పైన బల్బు వేలాడదీసి అమ్ముతుంటారు. 2023 అక్టోబర్ 7న బెంగుళూరు దగ్గర అత్తిబెలెలో ఒక టపాకాయల దుకాణం, గోదాము తగలబడి పద్నాలుగు మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది పండగ సీజనులో నాలుగు డబ్బులు సంపాదించుకుందామని తమిళనాడు నుంచి వచ్చిన కుర్రవాళ్లు. వాళ్లు కాల్చడానికి రాలేదు, మూటలు మోయడానికి వచ్చారు.

ఇక ఊపిరితిత్తుల సంగతి. దూది దుమ్ములో ఏళ్ల తరబడి పనిచేసినవారికి బిసినోసిస్ అనే జబ్బు వస్తుంది. సెలవు తరువాత సోమవారం పనిలోకి దిగగానే ఛాతీ బిగబట్టినట్టు ఉండటం దాని మొదటి గుర్తు. ఉద్యోగుల నష్టపరిహార చట్టంలో దీనిని వృత్తి వ్యాధిగా చేర్చారు. ఇలాంటి గుండెలతో ఉన్న మనిషి కిటికీ కింద గంధకం పొగ వదిలితే ఆ రాత్రి ఎలా గడుస్తుందో మన ఇళ్లలో పెద్దవాళ్లను అడగండి. మగ్గాల మోతకు ఇప్పటికే సగం చెవులు పోయాయి. రెండో షిఫ్టు దిగి నిద్రపోవలసినవారికి ఆ నిద్ర కూడా ఉండదు. ఇంట్లో రోజంతా బీడీలు చుట్టే ఆడవాళ్లకు తంబాకు దుమ్ము ఉండనే ఉంది, దాని మీద ఈ పొగ.

కోర్టులు ఏం చెప్పాయి? ఏడాది అటూ ఇటూ వయసున్న ముగ్గురు పసిపిల్లల పేరున వారి తండ్రులు 2015లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2018 అక్టోబర్ 23న వచ్చిన తీర్పు అమ్మకాన్ని పూర్తిగా నిషేధించలేదు. పొగ తక్కువ వచ్చే గ్రీన్ టపాకాయలే అమ్మాలని, సరాలుగా కట్టినవి అమ్మరాదని, ఆన్‌లైన్‌లో అమ్మరాదని చెప్పింది. దీపావళి రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలని గంటలు పెట్టింది. బేరియం లవణాలు వాడరాదంది. శబ్దం విషయంలో 1999 నుంచే నిబంధన ఉంది. పేలిన చోటు నుంచి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాటకూడదు. 2025 దీపావళికి ఢిల్లీ ప్రాంతంలో కూడా కొన్ని రోజులకు, కొన్ని గంటలకు గ్రీన్ టపాకాయలను అనుమతించారు.

ఇన్ని ఉత్తర్వులు ఉన్నాయి కదా, ఇంకేం కావాలి? ఇక్కడే అసలు చిక్కు. ఉల్లంఘన జరిగితే స్టేషను అధికారిదే బాధ్యత అని 2018 తీర్పు అన్నది. కానీ పది గంటలు దాటాక ప్రతి డాబా మీద ఒక పోలీసును నిలబెట్టగలరా? సరుకు ఇంటికి చేరాక దానిని ఎవరూ అదుపు చేయలేరు. అదుపు చేయగలిగితే అమ్మే చోటే చేయాలి. అందుకే మేము కాల్చే వేళల గురించి కాకుండా అమ్మకం గురించి మాట్లాడుతున్నాం.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. పండగ మన సంప్రదాయం, దానిలో ఎవరు వేలు పెట్టాలి అనేది మొదటిది. దీపావళి అంటే దీపాల వరుస. నూనె, వత్తి, ప్రమిద దాని సామగ్రి. దీపం పెట్టవద్దని మేము ఎవరికీ చెప్పడం లేదు. పేదవాడి పిల్లలకు ఏడాదికి ఒక్క సంతోషం, దాని మీదే ఆంక్షలా అనేది రెండోది. ఇది న్యాయమైన ప్రశ్న. పెళ్లి ఊరేగింపుల్లో, ఎన్నికల విజయయాత్రల్లో, క్రికెట్ మ్యాచ్ గెలిచినప్పుడు డబ్బున్నవాళ్లు నడిరోడ్డు మీద కాల్చేదానికి అడ్డు లేకుండా కార్మికవాడలకే రూలు పెడితే మేము ఒప్పుకోము. రూలు అందరికీ ఒకటే ఉండాలి.

వెలుగు చూసే ఆనందం పిల్లలకు పోనక్కరలేదు. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరం ఉన్న రాష్ట్రంలో మామూలు జనానికి టపాకాయలు అమ్మరు. కానీ కొత్త సంవత్సరం రాత్రి ఓడరేవు దగ్గర తర్ఫీదు పొందినవారు కాల్చే బాణసంచాను లక్షలమంది డబ్బు పెట్టకుండా చూస్తారు. అయితే నలుగురి కోసం కాల్చితే చాలు, క్షేమం అనుకోరాదు. కేరళలో కొల్లం దగ్గర పుట్టింగల్ గుడిలో 2016 ఏప్రిల్ 10న అనుమతి లేకుండా జరిపిన బాణసంచా ప్రదర్శనలో వందమందికి పైగా చనిపోయారు. అందుచేత అనుమతి, దూరం, తర్ఫీదు, అగ్నిమాపక యంత్రం, ఈ నాలుగూ ఉన్నప్పుడే ప్రదర్శన.

ఇప్పుడు శివకాశి సంగతి. దేశంలో కాలే టపాకాయల్లో అత్యధిక భాగం ఆ ప్రాంతంలోనే తయారవుతాయి. దాని పక్కనే ఉన్న రాజపాళయంలో నూలు మిల్లులు ఉన్నాయి. ఆ చుట్టుపక్కల మనలాగే తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఒకరు మిల్లుకు పోతే పొరుగువారు మందు దట్టించే షెడ్డుకు పోతారు. 2012 సెప్టెంబర్ 5న శివకాశి దగ్గర ముదలిపట్టి ఫ్యాక్టరీలో పేలుడుకు సుమారు 40 మంది చనిపోయారు. సాయానికి పరుగెత్తినవారూ అందులో ఉన్నారు. 2021 ఫిబ్రవరి 12న అచ్చన్‌కుళంలో మరో 20 మందికి పైగా పోయారు. మన ఆంధ్రలోనూ 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో 8 మంది కాలిపోయారు. మనం ఒక్క రాత్రి కాల్చే సరుకు కోసం వాళ్లు ఏడాది పొడుగునా ప్రాణం అరచేతిలో పెట్టుకుని పనిచేస్తున్నారు.

మరి ఒక్కసారిగా మూసేస్తే? 2018 తీర్పు తరువాత యజమానులు నిరసనగా నెలల తరబడి ఫ్యాక్టరీలు మూశారు. పస్తులున్నది కార్మికులే. మూతపడ్డ గేటు అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. 1982 జనవరి 18న మొదలైన బొంబాయి సమ్మెలో సుమారు రెండున్నర లక్షలమంది ఉన్నారు. పరేల్, వర్లీ చాళ్లలో మన తెలుగువారు ఎందరో ఉన్నారు. ఎంతమంది తిరిగి మగ్గం చూడలేదో మీకు తెలుసు. మిల్లుల భూముల్లో మేడలు లేచాయి గాని కార్మికుడికి లెక్క తేలలేదు. మనకు జరిగిన అన్యాయాన్ని మన చేతులతో శివకాశి కార్మికులకు చేయరాదు.

కాబట్టి ఈ సభ ముందు ఈ కోర్కెలు పెడుతున్నాం:

1. పెద్ద బాంబులు, తారాజువ్వలు లైసెన్సు, తర్ఫీదు ఉన్నవారికే అమ్మాలి. కాకరపువ్వొత్తులు, చిచ్చుబుడ్ల వంటివి మైదానాల్లోని దుకాణాల్లోనే, పెద్దవాళ్లకే అమ్మాలి. మగ్గాల గల్లీల్లో, నూలు గోదాముల దగ్గర ఏ అమ్మకమూ వద్దు.

2. మున్సిపల్ కార్పొరేషన్ తన ఖర్చుతో వార్డుల వారీగా మైదానాల్లో ప్రదర్శనలు పెట్టాలి.

3. అమ్మకం తగ్గించే ముందే శివకాశి కార్మికులకు వేరే పని, నష్టపరిహారం, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. బాకీలు తేల్చాలి. దొంగచాటు సబ్‌లీజులు ఆపాలి.

4. పండగ రాత్రుల్లో కారఖానా యజమానులు నుసి ఊడిపించాలి, కిటికీలు మూయించాలి, నీళ్లు, ఇసుక సిద్ధంగా ఉంచాలి. లోపల మనిషి ఉండగా బయట తాళం వేయరాదు. ఈ చివరి మాట మీద మేము రాజీపడము.

ఈ ఏడాది కాల్చేవారికి ఒక మాట. కాకరపువ్వొత్తి చిన్నదని పసిపిల్లల చేతికి ఇవ్వకండి. దాని వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది. కాలితే చల్లటి నీటి ధార కింద ఇరవై నిమిషాలు పెట్టండి. పేస్టు, సిరా పూయవద్దు. కంటికి తగిలితే నలపకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.

పై కోర్కెల మీద గల్లీ గల్లీలో చర్చించి సంతకాలు సేకరించండి. బోనస్ డిమాండ్ పత్రంతో పాటే వీటినీ యజమానులకు, కార్పొరేషనుకు అందజేద్దాం.

మిల్లు కార్మికుల, బాణసంచా కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!