సావ్ బెంతు స్టేషను గోడలు

రైలుస్టేషనుకు పోయి రైలెక్కకుండ తిరిగివచ్చువారు ఉందురా యని మీరు అడుగవచ్చును. పోర్చుగల్ దేశమున పోర్తో నగరమందలి సావ్ బెంతు స్టేషనులో మేము అట్టివారినే ఎక్కువగ చూచితిమి. మేమును ఆ గుంపులోని వారమే యైతిమి. అదియు వరుసగా రెండు దినములు.

లిస్బన్ నుండి వచ్చు పెద్దబండ్లు ఊరి తూర్పున కంపన్యా స్టేషనులో నిలిచిపోవును. అచట చిన్నబండి నెక్కితిమి. కొన్ని నిమిషములలో సొరంగము వచ్చినది. చీకటి వీడినదో లేదో ప్లాట్‌ఫారము వచ్చినది. దానిని దాటి లోపలి హాలులో అడుగిడగానే పెట్టెలు క్రింద పెట్టి నిలుచుండిపోతిమి. గోడలనిండ నీలము, తెలుపు. సుమారు 20,000 పింగాణి పలకలు! వానిని వారు 'అజులేజు' లందురు. వారి భాషలో 'అజుల్' అనగా నీలము గనుక, ఇది నీలిపలక కాబోలునని మేము భ్రమపడితిమి. నున్నని రాతికి అరబ్బులు వాడిన మాటనుండి ఈ పేరు పుట్టినదట.

ఈ స్థలమున పూర్వము క్రైస్తవ సన్యాసినుల మఠ ముండెడిది. 1834లో పోర్చుగల్ ప్రభుత్వము మఠములను రద్దుచేసెను. అయితే సన్యాసినులను వీధిలోనికి వెడలగొట్టలేదు. కొత్తవారిని చేర్చుకొనకుండ, ఉన్నవారిలో కడపటియామె కన్నుమూయువరకు ఆగవలెనని నిర్ణయించిరి. ఆమె 1892లో మరణించినది. అనగా ఒక్క ముసలమ్మ ప్రాణము పోవువరకు రైలు కాచుకొని యున్నదన్నమాట! 1896లో బండి వచ్చినది. 1900లో కార్లోస్ రాజు స్టేషను భవనమునకు శంకుస్థాపన చేసెను. మార్కేస్ ద సిల్వ యను వాస్తుశిల్పి కట్టించిన ఆ భవనము 1916 అక్టోబరు 5న తెరువబడునప్పటికి ఆ రాజు హత్యకు గురియై ఎనిమిదేండ్లు గడచినవి, రాజరికమే అంతరించినది. గోడలమీది రాజులు మాత్రము మిగిలిరి.

ఆ చిత్రములు వ్రాసినవాడు జార్జ్ కొలాసు. వానిలో మమ్ము కట్టివేసినది ఎగాస్ మోనిజ్ కథ. పన్నెండవ శతాబ్దిలో, ముట్టడిలో చిక్కిన తన యువరాజు పక్షమున, ఆతడు లొంగియుండునని లేయోన్ రాజునకు ఈ పెద్దమనిషి మాట యిచ్చెనట. యువరాజు ఆ మాట నిలువబెట్టలేదు. అంతట మోనిజ్ భార్యాబిడ్డలతో, మెడకు ఉరిత్రాడు తగిలించుకొని, ప్రాణము లప్పగింప ఆ రాజు నెదుటికి పోయెనని ఐతిహ్యము. రాజు క్షమించెను. మన హరిశ్చంద్రుని ఎరిగినవారికి ఈ చిత్రమును వివరింప బనిలేదు. అయితే తన మాటకు తాను చచ్చుట వేరు. భార్యాబిడ్డలను వెంట దీసికొనిపోవుట యేమి న్యాయమని మాలోని స్త్రీలు గట్టిగనే ప్రశ్నించిరి. మాకు సమాధానము తోచలేదు.

మరియొక గోడమీద 1415లో స్యూటా పట్టణమును జయించిన ఘట్టము. ఆఫ్రికా తీరమున పోర్చుగీసువారి తొలి యాక్రమణ మది. ఆ దారినే సాగి 1498లో వారు కళ్లికోట చేరిరి. 1510లో గోవాను పట్టి 1961 వరకు విడువలేదు. దీనిని మెచ్చుకొనుటకు మాలో నొకరు ఒప్పుకొనలేదు, ప్రక్కకు పోయి నిలుచుండిరి. వారి మాట కొట్టివేయదగినది కాదు. చిత్రము మాత్రము చక్కగ నున్నది. మేము చూచుచునే యుంటిమి. దీనిని వ్రాసిన కొలాసు పుట్టినదియు ఆ స్యూటాకు చేరువనున్న టాంజియర్‌లోనే! 'మేస్త్రి', 'బొత్తాము' అను మాటలు మన యిండ్లకు వచ్చినదియు ఈ పోర్చుగీసువారినుండియే గదా యని మేమనగా ఆ మిత్రుడు నవ్వెను గాని, గోడవైపు తిరుగలేదు.

రెండవదినమున గాని మా చూపు క్రిందకు దిగలేదు. రాజుల పాదములక్రింద చిన్నచిన్న పలకలలో ద్రాక్ష కోతలు, తీర్థయాత్రలు, సారాయి పీపాలు మోయు పడవలు. పైన రంగులతో నడచు పట్టీలో బండ్ల చరిత్ర అంతయు కలదు. దగ్గరకు పోయిన, ఒక్క ముఖము నాలుగు పలకలపై చీలి, కన్ను ఒకచోట, గడ్డ మొకచోట. పదడుగులు వెనుకకు జరిగిన మరల మనిషి.

మూడవనాడు మాకు రైలువేళ మించిపోవుచుండెను. పెట్టెలతో ఆ హాలునుండి పరుగెత్తితిమి. ఊరివారివలెనే గోడలవంక చూడనేలేదు.