తక్కువ గ్రేడు – తగిన చికిత్స

అమెరికాలో వైద్యవిద్య నభిలషించు మన బిడ్డలు ముందుగా డిగ్రీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ మున్నగునవి చదువవలయును. అందు సి గ్రేడు వచ్చినంతనే కొన్ని యిండ్లు శోకగృహములగుచున్నవి.

మరల చదివినను తొలి గ్రేడు చెరిగిపోదు. ఆమ్‌కాస్ దరఖాస్తులో రెండును లెక్కకు వచ్చును; ఆస్టియోపతీ కళాశాలల దరఖాస్తునందును 2017 నుండి యిదియే పద్ధతి. సి కంటె తక్కువైన గ్రేడును పెక్కు కళాశాలలంగీకరింపవు గనుక, అప్పుడు మరల చదువక తప్పదు. సి వచ్చినచో, కళాశాల నియమమును విచారించి, తెలియనిదానిని నేర్చి, బయోకెమిస్ట్రీ వంటి పైపాఠమున మంచి గ్రేడు తెచ్చుట తఱచు మేలు.

తల్లిదండ్రులారా! “ఎంత వచ్చినది?” అనుటకు ముందు “ఎచ్చట తెలియలేదు?” అని యడుగుడు. భయపడిన బిడ్డ గ్రేడును దాచును. దాచిన రోగమువలె నది ముదురును. దాతలును ఒక్క గ్రేడునుబట్టి విద్యార్థివేతనమును నిలుపకుందురుగాక యని మా ప్రార్థన.